సజ్జ మీది రింగు

“సజ్జ మీద ఊకె పడున్నదానికి ఇంత పంచాయితా? ఇచ్చెయ్యరాదే!” మూడోసారి అన్నాడు మొగిలి.

అతని భార్య యమున చాయ్ గ్లాసు తెచ్చి బండ మీద పెట్టింది. ధర్మసాగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆడబిడ్డ సావిత్రి మూతి తిప్పింది. “మా మామ పక్షవాతం వచ్చి మంచాన వడ్డడు తమ్మీ. నడుం కింద గాలి రింగు వెడితె పుండు వడదట. మా అమ్మకు కొన్నదేగద! నీ పెండ్లాం పేషెంట్లను చూసుకునే ట్రైనింగుకు పోతాంది, ఆమెకే దయ లేకపాయె.”

అత్త సమ్మమ్మ పోయి ఏడాది. ఆ రింగు కొన్నది యమునే. నోటితో గాలి ఊది అత్త నడుము కింద పెట్టింది. జారిపోతుందని ఆమెను కదలనిచ్చేది కాదు. “బిడ్డా, జర పక్కకు తిప్పరాదే” అని ముసలామె అడిగితే, “మెత్తగనే ఉన్నదిగదత్తా” అని సముదాయించేది. అయినా పుండు పడింది. గిన్నె అంచు అచ్చు దించినట్టు, గుండ్రంగా. అది చీముపట్టే ముసలామె పోయింది.

మొన్న క్లాసులో తేజస్వి మేడం యమున అరచేతిలో తన చేతి గాజు పెట్టి గట్టిగా నొక్కింది. అంచు కింద చర్మం తెల్లబారింది. “రింగు పెడితె ఇట్లనే రక్తం ఆగుతది. రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పాలె. అంతే.”

ఆ తర్వాత పేషెంటు బొమ్మను తిప్పబోతే చెవి పక్కనే ‘బిడ్డా’ అని వినబడింది. యమున బొమ్మను వదిలేసి బయటికి వచ్చింది. రెండు రోజులుగా క్లాసుకే పోలేదు. ఇంట్లో చెప్పలేదు.

సావిత్రి చాయ్ గ్లాసు ఎత్తింది. బండ మీద తడి గుండ్రం.

‘బిడ్డా.’

యమున లేచి సజ్జ మీది నుంచి రింగు దించింది. అందులో ఇంకా సగం గాలి ఉంది. కత్తిపీట మీద పెట్టి కోసింది. ఏడాది కింద తను ఊదిన ఊపిరి ముక్కవాసనేస్తూ ముఖానికి కొట్టింది.

“పిచ్చి లేసిందా?” అరిచాడు మొగిలి. లోపల చదువుకుంటున్న కూతురు కావ్య గడపలోకి వచ్చింది.

“అత్తకు పుండు వడ్డది దీనితోనే. తెల్వక వెట్టిన.”

సావిత్రి కోసిన రింగును చేతికి తీసుకుంది. “పక్కకు తిప్పుమని అడగలేదా అమ్మ?”

“అడిగింది వదినె. రోజూ అడిగింది.”

యమున బండ మీది తడి గుండ్రాన్ని కొంగుతో తుడిచింది. మెల్లగానే, అందరికీ వినబడేట్టు చెప్పింది.

“ఇయ్యాల నీ వెంట ధర్మసాగర్ వస్తాన వదినె. మీ మామను ఎట్ల తిప్పాల్నో చూపెడ్త. రెండు దినాలసంది నేను క్లాసుకు పోతలేను. రేపు పోత.”