గార్డెడ్ అంటే

దాలయ్య నలభై ఏళ్లుగా వేటకు పోతున్నా జ్వరమని ఒక పూట ఇంట్లో కూర్చున్నవాడు కాదు. అటువంటివాడు ఒడ్డున వల లాగుతూ లాగుతూ ఇసుకలో కూలబడ్డాడు. ఆటోలో విజయనగరం తెచ్చి ఆసుపత్రిలో చేర్చి అప్పటికి రెండో రోజు. గుండె సగమే పనిచేస్తోందన్నారు. మంచం పక్కన భార్య కూర్మమ్మ, కూతురు కన్యాకుమారి ఉన్నారు. కొడుకు లక్ష్ముడు ఎక్కడో గుజరాత్‌లో, వేరావల్ రేవులో బోటు మీద కలాసీ.

కన్యాకుమారి తెలుగు మీడియంలో డిగ్రీ ముగించి బ్యాంకు పరీక్షకి కోచింగు తీసుకుంటోంది. రోజుకి పది ఇంగ్లీషు మాటలు. ఒక్కో మాటకి అర్థం, రెండు పర్యాయపదాలు, ఒక వ్యతిరేకపదం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ వల్లె వేసుకునేది. పల్లెలో ఎవరికి మందుచీటీ వచ్చినా, కరెంటాఫీసు కాగితం వచ్చినా దాలయ్య గుమ్మంలోకే తెచ్చేవారు. ఆమె చదివి చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు.

ఆ సాయంత్రం డాక్టరు వచ్చి చూసి, రెండు మూడు రోజులు గడవాలనీ ఇప్పుడే ఏమీ చెప్పలేననీ అనేసి వెళ్లిపోయాడు. గడవడమంటే మంచికా, చెడుకా? కూర్మమ్మ కూతురి మొహంలోకి చూసింది. అలా చూస్తే కన్యాకుమారి ఊరుకోలేదు. మంచానికి తగిలించిన కాగితాలు తీసి తిరగేసింది. రాత కోడి కెలికినట్టుంది. చివరి వరుసలో రెండు మాటలు మాత్రం విడిగా, స్పష్టంగా ఉన్నాయి. మొదటిది పొడుగ్గా ఉంది, ఎన్నడూ చూసింది కాదు. దాన్ని వదిలేసింది. రెండోది గార్డెడ్.

అది వచ్చిన మాటే. గార్డ్ అంటే కాపాడు. ప్రొటెక్ట్, డిఫెండ్. వ్యతిరేకం అటాక్. అంటే నాన్నని కాపాడేశారు. డాక్టరు పైకి చెప్పడానికి వెనకాడినా కాగితం మీద రాసే పెట్టాడు.

కాసేపటికి లక్ష్ముడు ఫోను చేశాడు.

"ఒసే కన్యా, తెల్లారగట్ల బోటు ఎల్లిపోతాది. ఎక్కితే మల్లీ ఇరవై రోజులకే ఒడ్డు. రమ్మంటే సెప్పు, ఇప్పుడే సంచీ సర్దీసుకుని వచ్చీస్తాను."

"అక్కర్లేదన్నా. అయ్యకి గండం గడిసిపోనాది. డాక్టరు రాసీసినాడు, నాను సదివినాను."

"సరిగ్గా సదివినావా?"

"నీకన్నా సరిగ్గానే సదువుతాన్లే."

అవతల లక్ష్ముడు నవ్వాడు. ఆమె చదువు ఇన్నాళ్లకి ఇంటికి పనికొచ్చిందన్నాడు. రెండు రోజులుగా మెతుకు ముట్టని కూర్మమ్మ ఆ పూట అన్నం తింది.

పొద్దున్న సెలైను మార్చడానికి నర్సు భారతి వచ్చింది. చీపురుపల్లి మనిషి, నెమ్మదస్తురాలు. మా అయ్య గార్డెడ్ కదా మేడమ్ అని కన్యాకుమారి అడిగింది. అడగడంలో తనకు తెలుసన్న చిన్న గర్వం కూడా ఉంది. సెలైను తిప్పుతున్న భారతి చెయ్యి ఆగింది. ఆమెను వరండాలోకి తీసుకువెళ్లింది.

"ఇక్కడ ఆ మాటకి అర్థం అది కాదమ్మా. బతుకుతాడని మాటియ్యలేమని రాస్తారలాగ. రావలసినోల్లుంటే పిలిపించుకోండి."

కన్యాకుమారి అన్నకు ఫోను చేసింది. అందుబాటులో లేరని గుజరాతీలో, హిందీలో, ఇంగ్లీషులో వినిపించింది. మళ్లీ చేసింది. నాలుగోసారికి ఆపి, బోటు యజమాని గుమాస్తా నంబరు వెతికి పట్టుకుంది. వచ్చిన హిందీ ముక్కలన్నీ కూడగట్టుకుని చెప్పింది. బోటు నాలుగింటికే వెళ్లిపోయిందన్నాడతను. వైర్‌లెస్సులో చెప్పి చూస్తాననీ, ఒక్క కలాసీ కోసం బోటు వెనక్కి తిప్పరనీ అన్నాడు. విసుక్కోలేదు. అయ్యో అని కూడా అన్నాడు.

ఫోను పెట్టేసరికి వెనకాల కూర్మమ్మ నిలబడి ఉంది.

"నాను సదివింది తప్పమ్మా."

కూర్మమ్మ లోపల మంచానికున్న కాగితాల వైపు చెయ్యి చూపించింది.

"తప్పైతే మల్లీ సదువే. సరిగ్గా సదువు."

"సదివితే ఏటవుతాదమ్మా?"

"పోనీ ఆ బోటు సేటుకి ఇంగ్లీసులో సెప్పు. ఇంగ్లీసులో సెప్తే ఆల్లు ఇంటారు."

తిట్టినా బాగుండునని కన్యాకుమారికి అనిపించింది. తల్లి తిట్టలేదు. కూతురు చెయ్యలేనిది ఏదో ఉంటుందన్న ఊహే ఆమెకి లేదు. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లి, దాలయ్య చెవి దగ్గర వంగి, మన గుంట ఫోను చేసిందనీ లక్ష్ముడు బయల్దేరాడనీ చెప్పింది.

దాలయ్య కళ్లు గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురి కోసం వెతికాయి.

"ఏ బండికే?" అన్నాడు. గొంతు సగమే పైకి వచ్చింది.

కన్యాకుమారి దగ్గరికి వెళ్లి దుప్పటి సర్దింది. సర్దిన దుప్పటినే మళ్లీ సర్దింది.

"ఎల్లుండి బండికి, అయ్యా."

దాలయ్య కళ్లు మూసుకుని, దుప్పటి మీద ఉన్న చేతి వేళ్లు ఒక్కొక్కటీ మడవసాగాడు. ఈరోజు, రేపు, ఎల్లుండి.