ఇరవై మూడు కంపెనీలు

"కాఫీలో చక్కెర తగ్గించు, నిర్మాతగారికి షుగరు" అన్నారు మా ఆయన, కథ వినిపించడానికి గొంతు సవరించుకుంటూ. పొద్దుటి నుంచి ఆ మాట చెప్పడం మూడోసారి. హాలు తుడిచాను, సోఫా గలీబులు మార్చాను, అత్తగారికి మందులిచ్చి లోపలి గదిలో పడుకోబెట్టాను. ఇప్పుడు వంటింట్లో పాలు పొంగకుండా కాపలా కాస్తూ నా కథని ఇంకొకరి నోట వింటున్నాను.

అక్షరాలా నా కథే. పెళ్లయిన కొత్తలో నేను బ్యాంకులో ఉద్యోగం చేసేదాన్ని. ఊళ్లో పెద్దమనిషిగా చలామణీ అయ్యే ఓ కోటీశ్వరుడు ఇరవై మూడు ఉత్తుత్తి కంపెనీలు పెట్టి, వాటి పేర అప్పులు తీసుకుని మా బ్యాంకుని నిలువునా ముంచాడు. మొదట పట్టుకున్నది నేను. మేనేజరుకి చెప్తే, నువ్వెళ్లమ్మా నేను చూసుకుంటాను అన్నారు. బాగానే చూసుకున్నారు. పేపర్లో ఆయన ఫొటో పడింది, ప్రమోషనొచ్చింది. అభినందన సభకి పూలగుత్తి కొనుక్కురమ్మని నన్నే పంపించారు. పాప పుట్టాక, ఇద్దరం బయట తిరిగితే ఇల్లేం కాను అని మా ఆయన అనడంతో ఉద్యోగం మానేశాను. "హాయిగా నీడపట్టున ఉన్నావు" అంటారు అత్తగారు. నీడపట్టునే ఉన్నాను గానీ, కూర్చున్న గుర్తు మాత్రం లేదు.

రెండేళ్ల కిందట రాయడానికి చేతిలో సినిమా లేక ఈయన దిగాలుగా ఉంటే, ఊసుపోక ఆ సంగతి చెప్పాను. ఇది థ్రిల్లరే అని ఎగిరి గంతేశారు. అప్పటి నుంచీ నేను కూరలు తరుగుతున్నా, బట్టలు ఇస్త్రీ చేస్తున్నా పక్కన చేరి ప్రశ్నలు. నేను చెప్పాలి, ఆయన రాసుకోవాలి, రాసింది మళ్లీ నేనే టైపు చెయ్యాలి. వాడు ఆలోచిస్తుంటే గిన్నెల చప్పుడు చెయ్యకు అని అత్తగారి హెచ్చరిక. వాడు ఆలోచిస్తున్నది నా బుర్రతోనని ఆవిడకెలా చెప్పను? ఏడోసారి తిరగరాసేసరికి కథలోంచి నేను మాయమయ్యాను. నా చోట నల్లకళ్లద్దాల ఆఫీసరొకడు మోటార్ సైకిలు మీద దిగాడు. ఫైళ్లు సర్దే ఆడమనిషిని ఎవడు చూస్తాడే అన్నారు. పోనీ టైటిల్స్‌లో నా పేరు వేస్తారా అంటే నవ్వేశారు. "మనలో మనకి పేర్లేంటి?"

హాల్లో కథ చెప్పడం ఆగింది. వందల ఫైళ్లలో ఆ ఇరవై మూడు కంపెనీలూ ఒకడివేనని మీ హీరోకి ఎలా తెలిసింది అని అడుగుతున్నారు నిర్మాత. అనుమానం వస్తుంది సార్ అన్నారు ఈయన. ఊరికే ఎందుకొస్తుందని ఆయన వదల్లేదు. కాఫీ తెస్తానంటూ ఈయన వంటింట్లోకి వచ్చిపడ్డారు.

"అవన్నీ ఒకడివేనని నీకెలా తెలిసిందే? తొందరగా చెప్పు."

రెండేళ్లలో అడగనిది ఆ ఒక్కటే. నేనెలా కనిపెట్టానో తెలుసుకోవాలని ఆయనకి ఇంతవరకూ తోచలేదు. కోపం కూడా రాలేదు, ఒళ్లంతా అలసట. ఇది కూడా ఈయనకి చెప్పేస్తే నాదంటూ ఇంక ఏమీ మిగలదు. స్టవ్ కట్టేసి, కప్పులు నేనే హాల్లోకి తీసుకెళ్లి, నిర్మాతకి ఎదురుగా మా ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాను.

"ఫైల్లో పెట్టడానికి కాగితాలకి చిల్లులు కొడతారు కదండీ. కంపెనీలవాళ్లు ముందే కొట్టి పంపేవాళ్లు. ఆ ఇరవై మూడు కంపెనీల కాగితాలూ ఫైలు క్లిప్పుకి సరిగ్గా ఎక్కేవి కావు. అన్నిట్లోనూ ఒక చిల్లు ఒకే కొలతలో కిందికి జారి ఉండేది. అంటే చిల్లులు కొట్టిన మిషను ఒకటే, గదీ ఒకటే. ఆఫీసర్లు సంతకాలు చూసేవాళ్లు. ఫైల్లో పెట్టే పని మాకు వదిలేసేవాళ్లు. వేళ్లు నొప్పి పుట్టేలా ఎక్కించాను గనక నాకు తెలిసింది."

నిర్మాత కప్పు కింద పెట్టారు. మా ఆయన వెనకనుంచి అందుకున్నారు. అదే చెప్పబోతున్నాను సార్, హీరో ఫైలు తెరవగానే...

"మీ హీరో ఎప్పుడైనా కాగితం ఫైల్లో పెట్టాడా?" అని ఆపి, నిర్మాత నావైపు తిరిగారు. "ఈ కథ ఎవరిదమ్మా?"

మా ఆయన కళ్లతోనే బతిమాలుతున్నారు. ఈ సినిమా పోతే మళ్లీ ఎన్నేళ్లకో. ఇంట్లో మాటలు ఎన్నాళ్లు ఆగిపోతాయో, పాప ఎవరి పక్కన పడుకోవాల్సి వస్తుందో, అన్నీ తెలుసు నాకు.

"నాదండి" అన్నాను. "నా పేరు వేస్తేనే ఇస్తాను."