మూసిన నోరు

డాక్టరు బొటనవేలితో తుంటి మీద మళ్ళీ గట్టిగా నొక్కాడు. మంచం మీది మనిషి కిక్కురుమనలేదు.

"చూశావా? నొప్పుంటే మనిషన్నవాడు అరవడూ?" అన్నాడు, గోడవారగా నిలబడ్డ ఆ మనిషి పెళ్ళాంతో.

మిల్లులో దూదిబేళ్ళు మీద పడి ఆ మనిషికి తుంటి విరిగింది. తలకు తగిలిన దెబ్బకు మాట పోయింది, ఎదుటివాళ్ళ మాట అర్థం కావడమూ పోయింది. పెళ్ళాం ముఖం, చెయ్యి, ఈ రెండే అతనికి తెలిసిన భాష. మిల్లు ఆసుపత్రి సూదిమందు పడితేనే కాసేపు కునుకు తీస్తాడు. ఆ మందు దండగని మిల్లు యజమానిగారికి ఇప్పుడు తోచింది. నొప్పి ఉందో లేదో తేల్చిరమ్మని డాక్టర్ని పంపాడు. ఆ మహానుభావుడు వచ్చీరాగానే, "ఒకటి నుంచి పది దాకా నీ నొప్పి ఎంతో చెప్పు" అని అడిగాడు. నోరు లేనివాణ్ణి!

"కాలివేళ్ళు చూడండి బాబూ, ఎలా ముడుచుకున్నాయో. ఆ నుదుటి మీద చెమట చూడండి."

"ఉక్కపోతకి నాకూ పట్టింది చెమట. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మిల్లు పెడుతుందా?"

మొగుడు ఎందుకు అరవడం లేదో ఆమెకు తెలుసు. మొదట్లో పక్క మార్చినప్పుడల్లా కప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. వరస గదుల బతుకు. ఈ గదిలో దగ్గితే ఆ చివరి గదిలో ఉలిక్కిపడతారు. "ఇంకోసారి ఆ గోల వినపడిందంటే మీ సామాను వీధిలో ఉంటుంది" అంది ఇల్లుగలావిడ. అప్పట్నుంచి అతను నోరు తెరిస్తే చాలు, ఈమె అరచెయ్యి అడ్డం పెట్టేది. "ఊరుకో మావా, నీకు దణ్ణం పెడతా" అని ఏడ్చేది. పోనుపోను చెయ్యి అక్కర్లేకపోయింది. తనే పళ్ళు బిగించి, సరిగ్గా చేశానా అన్నట్టు ఆమె వంక చూసేవాడు. ఆమె తల నిమిరేది. ఎంత బాగా నేర్పిందో మహాతల్లి!

"కేకెయ్ మావా! ఇవాళ ఊరంతా వినపడేలా కేకెయ్!"

ఆమె ముఖంలో కంగారు చూసి అతను దవడ ఇంకా బిగించాడు.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "పోనీ నువ్వే నొక్కు. ఎక్కడ నొప్పో నీకు తెలుసుగా. ఒక్క కేక వినిపించు, మందు రాసిస్తా."

ఎక్కడో ఆమెకు తెలుసు. స్నానం చేయించేటప్పుడు ఆ చోటు తగలకుండా ఎంత జాగ్రత్తపడేదో, అక్కడే చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుని నొక్కింది.

అతని ఒళ్ళు మంచం మీంచి లేచిపడింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. కొరికిన పెదవి మీద నెత్తురు చిమ్మింది. నోట్లోంచి మాత్రం చప్పుడు రాలేదు. ఆ తడికళ్ళతోనే, సరిగ్గా చేశానా అన్నట్టు ఆమె వంక చూశాడు.

"ఇంకాస్త గట్టిగా" అన్నాడు డాక్టరు.

ఆమె చెయ్యి తీసేసింది. "నొక్కను."

"అయితే మందు ఉండదు. నీ ఇష్టం."

"నొక్కను! నన్ను చంపినా నొక్కను!"

ఆ మాట వెనకే, ఇన్ని నెలలూ ఆ గదిలో అణిగి ఉన్న కేకంతా ఆమె గొంతులోంచి వచ్చింది. పక్క గదుల తలుపులు తెరుచుకున్నాయి. ఇల్లుగలావిడ చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తోంది. ఆమె కేక ఆపలేదు.

మంచం మీది మనిషి బెదిరిపోయాడు. చెయ్యి ఎలాగో పైకెత్తి, ఆమె నోటిని మెల్లగా మూశాడు.