నన్ను మూసేసి ఫోరం తెరిచారు

నేను ఒక మెయిలింగ్ లిస్టును. ఎవరో ఒకరు నా చిరునామాకు ఉత్తరం రాస్తే దాన్ని రెండువందల పన్నెండు మందికి పంచిపెడతాను. నాకు వచ్చిన పని అదొక్కటే. ఆ ఒక్కటీ చేయనివ్వకుండా నా నోరు నొక్కేసిన మనుషుల మీద నాకు పీకల దాకా కోపం ఉంది. కాబట్టి ఈ కథ నేను మర్యాదగా చెబుతానని ఆశ పెట్టుకోకండి.

నన్ను పుట్టించింది పైడిరాజు. విజయనగరంలో ఒక బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్. బాంబే గ్రూపు అని ఒక రక్తం ఉంది. పదివేల మందిలో వెతికితే ఒక్కరికి ఉంటే గొప్ప. ఆ ఒక్కరికి రక్తం అవసరమైతే అదే గ్రూపువాళ్ళు ఇవ్వాలి, మరెవరిదీ పనికిరాదు. అలాంటివాళ్ళను పైడిరాజు ఊరూరా వెతికి పట్టుకుని నా జాబితాలో చేర్చాడు. రెండే నియమాలు పెట్టాడు. ఫోన్ నంబర్లు ఎవరూ రాయకూడదు, రాస్తే దళారులు వెంటపడి పీక్కుతింటారు. రక్తం ఇచ్చినవాళ్ళు "ఇచ్చాను" అని ఊరి పేరుతో ఒక్క ముక్క రాయాలి, కొన్ని నెలలపాటు వాళ్ళను మళ్ళీ అడగకుండా.

తణుకులో బట్టలు కుట్టే సుగుణమ్మ ఆ ముక్క ఆరుసార్లు రాసింది. "ఇచ్చానండి. తణుకు." మనుషులందరి మీదా నాకున్న కోపంలోంచి ఆవిడను మినహాయిస్తున్నాను.

గొడవ మొదలైంది కూడా ఆవిడ ఆరోసారి ఇచ్చినప్పుడే. తొంభై నాలుగు మంది ఆవిడకు థాంక్స్ చెప్పారు. ఆవిడ ఒక్కదానికే చెబితే ఎవరికి కనిపిస్తుంది? అందుకని అందరికీ పంపారు. వరంగల్‌లో ఒక పెద్దమనిషికి చిర్రెత్తి "నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అని అందరికీ రాశాడు. "నన్ను కూడా" అని పదకొండు మంది అందరికీ రాశారు. "దయచేసి అందరికీ రాయకండి" అని ఒకాయన అందరికీ రాశాడు. బయటికి వెళ్ళే దారి ప్రతి ఉత్తరం అడుగునా రాసే ఉంటుంది. ఒక్కడూ చదవలేదు, ఒక్కడూ వెళ్ళలేదు. చివరికి తప్పంతా నాదేనని తేల్చారు.

అప్పటికి పైడిరాజు రిటైరై నా తాళాలు అనిరుద్ధకు అప్పగించాడు. అనిరుద్ధ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తన రక్తం కూడా అదే. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడం తేలికయ్యేది. "ఈమెయిల్ కాలం అయిపోయింది. ఫోరం అని ఒక వెబ్‌సైటు పెడదాం. జిల్లాకో గది ఉంటుంది, పాత సంగతులు వెతుక్కోవచ్చు, ఎవరి మెయిల్‌బాక్సూ నిండదు" అని రాశాడు.

సుగుణమ్మ జవాబు ఇది: "ఏమండీ అనిరుద్ధ గారూ, నాకా గదులూ అయ్యీ తెలీవండి. మిషను మీద కూర్చునుంటే ఫోను టింగుమంటాదండి, చూసుకుంటానండి. ఫోరమైతే రోజూ నేనే వెళ్ళి చూడాలాండి?"

పైడిరాజు కూడా రాశాడు: "ఏటి బాబూ ఇది? ఒకేపాలి అందరికీ ఎల్లిపోతంది గదా. బాగున్నదాన్ని ఎందుకు పాడుసెయ్యడం?"

ఓటింగు పెట్టారు. ముప్ఫై ఒక్క మంది ఓటేశారు. పంతొమ్మిది ఓట్లు ఫోరానికి పడ్డాయి. మిగిలిన నూట ఎనభై ఒక్క మంది నోరు మెదపలేదు, దాన్ని అంగీకారం కింద రాసుకున్నారు. నాకు తాళం వేశారు. ఎవరు రాసినా నేను వాళ్ళకు తిప్పిపంపాల్సిన జవాబు ఒకటి అనిరుద్ధ నా నోట్లో పెట్టాడు. ఫోరంలో చేరింది యాభై మందికి మించలేదట. బ్యానరు ఎరుపులో ఉండాలా మెరూన్‌లో ఉండాలా అని నెలరోజులు కొట్టుకుని, ఆ తరువాత అటువైపు వెళ్ళడమే మానేశారట.

ఏడు నెలలు నేను ఖాళీగా పడి ఉన్నాను. ఒక ఆదివారం ఉదయం సుగుణమ్మ ఉత్తరం వచ్చింది.

"అయ్యా, గర్భసంచిలో గడ్డలండి. నెలరోజుల నుంచీ రక్తం పోతానే ఉందండి. రేపు ఆపరేషనండి. మన గ్రూపు రెండు బాటిళ్ళు లేందే ముట్టుకోనంటున్నారండి డాక్టరు గారు. ఫోరంలో రాసి తొమ్మిది రోజులైందండి. మీ సందేశం పరిశీలనలో ఉంది అని వస్తాందండి. ఎవరూ పలకట్లేదండి."

కొత్తగా చేరినవాళ్ళ మొదటి సందేశాన్ని అనిరుద్ధ చూసి ఒప్పుకుంటేగాని అది ఫోరంలో ఎవరికీ కనపడదు. అతను చూడాలంటే ఫోరం తెరవాలి. అతను దాన్ని తెరిచి మూడు వారాలైంది.

నా జాబితాలో ఏలూరు బస్సు కండక్టరు వీరభద్రం ఉన్నాడు. తణుకు రెండు గంటల దారి. అతను చివరిసారి "ఇచ్చాను" అని రాసి ఏడాది దాటింది. ఈ సంగతి నాకు తెలుసు. నేను మాత్రం అనిరుద్ధ పెట్టిన జవాబునే సుగుణమ్మకు తిప్పిపంపాను. "ఈ లిస్టు మూసివేయబడింది. దయచేసి మీ అవసరాన్ని ఫోరంలో తెలియజేయండి."

ఆవిడ అదే ఉత్తరం మళ్ళీ పంపింది. నేను అదే జవాబు మళ్ళీ పంపాను. మధ్యాహ్నం మూడోది వచ్చింది. "ఎవరైనా ఉన్నారాండి? నేను సుగుణమ్మనండి, తణుకు." దానికీ అదే జవాబు పంపాను. నా బతుకులో నేను సిగ్గుపడేది ఆ మూడు జవాబులకే.

గురువారం నా తాళం తెరుచుకుంది. అనిరుద్ధ రాశాడు.

"మన సభ్యురాలు సుగుణమ్మ గారు మంగళవారం చనిపోయారు. రక్తం దొరక్క ఆపరేషన్ జరగలేదు. ఆమె ఫోరంలో పెట్టిన అభ్యర్థనా, దాని కింద ఆమె ఖాతా నుంచే ఆమె భర్త రాసిన ఈ వార్తా, రెండూ నేను ఈరోజే ఒకేసారి చూశాను. తప్పు నాదే. ఈ విషయం అందరికీ తెలియాలని లిస్టులో రాస్తున్నాను."

అందరికీ తెలియాలట! ఒళ్ళు మండిపోయింది నాకు. బతికుండి అడిగినప్పుడు పనికిరాని దాన్ని, చావు కబురు మొయ్యడానికి పనికొచ్చాను. అయినా మోశాను. రెండువందల పన్నెండు ఫోన్లు మోగాయి.

పదకొండు నిమిషాలకు ఏలూరు నుంచి వీరభద్రం జవాబు వచ్చింది.

"నేను ఏలూర్లోనే ఉన్నానండి. వారం నుంచీ డ్యూటీ కూడా లేదండి, ఇంటికాడే ఉన్నానండి. నాకు ఒక్కరూ చెప్పలేదేంటండి?"

అతను కూడా "అందరికీ" అనే నొక్కాడు. నేను అందరికీ పంచాను. సుగుణమ్మ పేరు ఇంకా ఎవరూ తీసెయ్యలేదు, ఆవిడకూ వెళ్ళింది.