ఎర్ర దారం కట్టిన పండు

మిరపకాయలు కాలుతున్న వాసన.

సెప్టెంబరు వచ్చిందంటే చలికాలం నిల్వకి మిరపకాయలు కాలుస్తారు, మా ఊళ్ళో ప్రతి పెరట్లోనూ ఇదే పొగ. కళ్ళు మండుతాయి, నోరూరుతుంది.

నా పెరట్లో మాత్రం ఒక ఎర్ర దారం.

గుప్పెట్లో పట్టనంత గులాబీరంగు టమాటా. దాని తొడిమకి చుట్టి కట్టాను. దారం కట్టిన పండు విత్తనానికి. దాన్ని ముట్టుకోకూడదు. ఈ సంగతి మా ఊళ్ళో పిల్లులక్కూడా తెలుసు.

అది మా అమ్మ విత్తనం.

అమ్మ కిందటి శీతాకాలంలో పోయింది. తను దాచిన గింజలన్నీ మార్చిలో నారు పోసేశాను — నాలుగైనా దాచుకోలేదు, నా బుద్ధి మండ. జులై వానలకి తెగులొచ్చింది. మొక్కలన్నీ నల్లబడ్డాయి. ఒక్క మొక్క మిగిలింది. ఒక్క పండు.

ఇంకా మెత్తబడాలి. ఇంకో వారం... ఇంకో వారం...

ఎండిన బీన్స్ తీగలు పీకాను. పాలకూర చల్లాను. వెల్లుల్లికి మడి తవ్వాను. నడుం పడిపోయింది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ దారం చూసుకున్నాను.

నిన్న సంత నుంచి వచ్చేసరికి మా ఆయన రుమెన్ తోట శుభ్రం చేసి కూర్చున్నాడు. ఏడాదంతా కుర్చీ వదలని మనిషి. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా పట్నం మనిషే.

"చూడు నెదా, తోట అద్దంలా లేదూ!"

టమాటా కర్రలు కట్టగట్టి గోడకి చేర్చి ఉన్నాయి. మొక్క లేదు.

బల్లమీద పళ్ళెం. ఉప్పు, నూనె, తెల్ల చీజ్ తురుము.

"ఇంత తియ్యటి టమాటా ఈ ఏడాది తినలేదు తెలుసా!"

"దానికి దారం కట్టాను కదయ్యా! కనపళ్ళేదా?"

"కనపడింది. ఎంత గట్టిగా కట్టావో! కత్తెర తేవాల్సొచ్చింది."

"నీ తిండి తగలెయ్య! అది అమ్మ విత్తనం. ఆఖరిది."

నవ్వుతున్న ఆయన నోరు అలాగే ఆగిపోయింది. నాకు కోపం ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో తెలీదు.

పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. గోటితో గింజలు ఏరాను. తొమ్మిది. నూనె జిడ్డు, ఉప్పు... మూడుసార్లు నీళ్ళు పోసి కడిగాను. పాత పేపరు మీద ఆరబెట్టాను.

ఉప్పు తగిలిన గింజ మొలుస్తుందా? అమ్మనే అడగాలి.

రుమెన్ చెత్తకుప్పంతా కెలికాడు. ఏదో తెచ్చి, పేపరు పక్కన పెట్టి వెళ్ళాడు.

పక్క పెరట్లోంచి మిరపకాయల పొగ. కళ్ళు మండుతున్నాయి.

ఎర్ర దారం.

కట్టడానికి పండు లేదు.