వెలిగే తాబేలు మీద నా అభిప్రాయం

గుడ్డు కొనే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. పీత ఉంటే గలగలమంటుంది. ఆక్టోపస్ రబ్బరుది కాబట్టి చప్పుడు చేయదు. సముద్రపు గుర్రం ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది. ఇవన్నీ మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తాబేలు ఎలా చప్పుడు చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎందుకంటే అది ఎవరికీ రాలేదు.

గుడ్లంటే నిజం గుడ్లు కావు, ప్లాస్టిక్‌వి. సువా పట్నం నుంచి మా దీవికి పడవ వచ్చిన రోజు పిండి, సబ్బులు, చేపల డబ్బాలతోపాటు తారుసిలా అత్త కొట్టుకు ఒక సంచి నిండా వస్తాయి. గుడ్డు ఒక డాలరు. లోపల బొటనవేలంత సముద్రజీవి ఉంటుంది. సంచి మీద అన్ని బొమ్మల ఫోటోలూ వేశారు. చివరన తెల్ల తాబేలు, దాని చుట్టూ పసుపు గీతలు. చీకట్లో వెలుగుతుందని దాని అర్థం.

నేను మాట్లాడేది తక్కువ. కొట్టుకు వెళ్తే కావలసినదాన్ని వేలితో చూపిస్తాను. "నోరు ఇంట్లో దాచిపెట్టి వచ్చావా సీనా?" అంటుంది అత్త ప్రతిసారీ. కానీ నా చేతిరాత బాగుంటుందని ఆమెకు తెలుసు. ఒకరోజు బిస్కెట్ల పెట్టె అట్టను ముక్కలుగా చింపి నా ముందు పడేసింది.

"కొన్న తర్వాత బాలేదని నన్ను తిడుతున్నారు. ఏ బొమ్మ ఎలా ఉంటుందో నువ్వు రాసి పెట్టు. ఉన్నది ఉన్నట్టు రాయి."

అలా మొదలైంది. కొన్న ప్రతి బొమ్మనూ బల్ల మీద నిలబెట్టేదాన్ని, గిన్నెలో నీళ్లు పోసి వేసేదాన్ని, కొబ్బరినూనె రాసి రుద్దేదాన్ని. తర్వాత అట్ట మీద రాసి, బట్టల క్లిప్పుతో కొట్టు ముందు తాడుకు తగిలించేదాన్ని.

"పీత: ఒక పక్కకు ఒరిగి నిలబడుతుంది. నూనె రాస్తే ఎరుపు వేలికి అంటింది. కోపంగా కనిపిస్తుంది కానీ మంచిదే."

"సముద్రపు గుర్రం: నీళ్లలో వేస్తే వెల్లకిలా తేలుతుంది. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఉంటుంది. తోక జాగ్రత్త."

గాలి వీస్తే నా మాటలన్నీ తాడు మీద ఊగేవి. నేను దూరంగా కొబ్బరిచెట్టు వెనక నిలబడి, జనం చదువుతుంటే చూసేదాన్ని. నేను లేకుండానే నేను మాట్లాడుతున్నట్టు ఉండేది.

తాబేలు చివరికి కెలేరాకు వచ్చింది. పక్కింటి పిల్ల, ఆరేళ్లది. వాళ్లమ్మ కాన్పు కోసం సువా ఆసుపత్రికి వెళ్లింది. నాన్న చేపల ఓడ మీద ఎక్కడో ఉన్నాడు. కెలేరా వాళ్ల బూబూ దగ్గర ఉంటోంది. ఊళ్లో ముసలమ్మలందరూ మాకు బూబూలే. ఈ బూబూ పేరు మెరేసేనీ. చూపు తగ్గింది కానీ చెవులు చురుకు.

"అక్కా, దీన్ని కూడా పరీక్ష చేస్తావా?" అంటూ కెలేరా గుప్పిట విప్పింది.

తాబేలును కాసేపు ఎండలో పెట్టాము. తర్వాత మా ఇంట్లో పెద్ద చాప కిందికి ఇద్దరం దూరాము. మధ్యాహ్నం, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. చాప కింద మాత్రం వేరే వేళ. తాబేలు మెల్లగా వెలిగింది. ఆకుపచ్చా కాదు, తెలుపూ కాదు, లోతు నీళ్లలోంచి పైకి చూస్తే కనిపించే చంద్రుడి రంగు. కెలేరా ముక్కు, నా వేళ్లు, చాప అల్లిక అన్నీ ఆ రంగులో తేలుతున్నాయి. నేను ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్నాను.

ఆ మైకంలోనే అట్ట మీద రాశాను: "తాబేలు: ఇన్నింటిలోకీ ఇదే అందమైనది. దీన్ని చూశాక మిగతావి ప్లాస్టిక్ అని తెలుస్తుంది."

అక్కడే పొరపాటు జరిగింది. అంతవరకూ నేను రాసినవన్నీ నా సొంత బొమ్మల గురించే. మా దగ్గర ఎదుటివాళ్ల వస్తువును బాగుందంటే అడిగినట్టే. అడిగితే ఇవ్వకుండా ఉండకూడదు. ఒకసారి మా నాన్న "చొక్కా రంగు భలే ఉందే" అన్నందుకు మావయ్య బనీనుతో ఇంటికి నడిచాడు. నోటితో అనకూడదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అట్ట మీద రాస్తే అన్నట్టు అవుతుందని తోచలేదు.

తారుసిలా అత్త కొట్టు ముందు ఉన్నవాళ్లందరికీ దాన్ని గట్టిగా చదివి వినిపించింది. బెంచీ మీద నిమ్మాకు టీ తాగుతున్న బూబూ మెరేసేనీ కప్పు దించింది.

"అయితే సీనా మనసు దాని మీద పడిందన్నమాట" అంది.

మర్నాడు పొద్దున్నే బూబూ మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. గుంటగా పట్టిన అరచేతులు కలిపి చప్పట్లు కొట్టింది, పెద్ద కానుక ఇచ్చేటప్పుడు కొట్టినట్టు. కెలేరా రెండు చేతులతో తాబేలును నా ముందు పెట్టింది. ఏడవలేదు. మా తలుపు గడియనే చూస్తూ నిలబడింది.

"చిన్న వస్తువే, పుచ్చుకో అమ్మా" అంది బూబూ.

అమ్మ నా వీపు మీద వేలితో పొడిచింది. పుచ్చుకున్నాను. నాకూ కావాలనే ఉంది. ఆ రాత్రి దిండు కింద వెలుతురు పెట్టుకుని, సముద్రం అడుగున పడుకున్నట్టు నిద్రపోయాను.

పొద్దున కుళాయి దగ్గర బూబూ అమ్మతో అంటోంది.

"పిల్ల రాత్రి కన్ను మూయలేదే. తలుపు తీసి ఉంచమంటుంది, తీస్తే మూయమంటుంది. వాళ్లమ్మ వెళ్లినప్పటి నుంచి చీకటంటే భయం. తాబేలు ఉన్న నాలుగు రోజులూ..."

నన్ను చూసి ఆగిపోయింది. ఆ మాట పూర్తిచేస్తే అడిగినట్టు అవుతుంది మరి.

తిరిగి ఇచ్చేయాలంటే కుదరదు. ఇచ్చినదాన్ని వెనక్కి ఇస్తే బూబూ చేతిని తోసేసినట్టే. వాళ్లే అడగాలి. నేను తాబేలును జేబులో వేసుకుని కెలేరాను వెతుక్కుంటూ వెళ్లాను. ఒడ్డున పీత కన్నాల్లో పుల్లలు గుచ్చుతోంది.

"తాబేలు బాగుంది కదూ?" అన్నాను.

"బాలేదు."

"వెలుగుతుంది కదా!"

"కొంచెమే. మా లాంతరు ఇంకా బాగా వెలుగుతుంది."

"కళ్లో?"

"ఒకటి పైకి, ఒకటి కిందికి. చేపల డబ్బా మీద బొమ్మ నయం."

"బూబూ నేర్పిందా ఇలా అనమని?"

"నేను అడిగే పిల్లను కాదు" అని ఇంకో పుల్ల గుచ్చింది.

నేనూ ఒక పుల్ల తీసుకున్నాను. "నాకు ఇంకో పరీక్ష చేయాలని ఉంది. ఈసారి నువ్వు చెప్పు, నేను రాస్తాను. పరీక్షలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, తెలుసుగా?"

పరీక్ష అనగానే మొహం గంభీరంగా పెట్టింది. మళ్లీ చాప కిందికి దూరాము. తాబేలు వెలిగింది. కెలేరా ముక్కు దానికి ఆనేలా వంగింది. బయట ఎవరో కొబ్బరి కోరుతున్న చప్పుడు, దాని వెనక అలల చప్పుడు.

"దీని పొట్టలో కిటికీ ఉంది" అంది మెల్లగా. "సువా ఆసుపత్రిలో రాత్రంతా దీపాలు ఆర్పరట. అమ్మ కిటికీలోంచి వెలుగు కొంచెం నీళ్లలో పడింది. ఇది మింగేసి ఈదుకుంటూ వచ్చేసింది. అందుకే వెలుగు చల్లగా ఉంటుంది. చాలా బాగుం..."

రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ మాట అప్పటికే బయటికి వచ్చేసింది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని కొట్టుకు నడిచాను. పడవ వచ్చే రోజు కావడంతో బెంచీ నిండా జనం. బూబూ మధ్యలో ఉంది. చూపించడానికి వేలు చాలదు.

"బూబూ" అన్నాను. గొంతు పీలగా వచ్చింది. మళ్లీ అన్నాను. "బూబూ, కెలేరాకు నా తాబేలు బాగుందట."

"ఎవరన్నారు?"

"తనే అంది. నేను విన్నాను. విన్నాక ఇవ్వకపోతే మా ఇంటికి తలవంపులు."

"ఓయిలే! దీనికి నోరుంది!" అని తారుసిలా అత్త చక్కెర తూచే గరిట కింద పడేసింది. అందరూ నవ్వారు. బూబూ నవ్వలేదు. నా గొంతు వచ్చిన వైపు తిరిగి, అరచేతులు కలిపి మెల్లగా చప్పట్లు కొట్టింది. నేను వంగి, రెండు చేతులతో తాబేలును కెలేరా ముందు పెట్టాను.

ఆ సాయంత్రం పాత అట్ట తీసేసి కొత్తది తగిలించాను: "తాబేలు: కళ్లు సరిగా లేవు. రంగు సమంగా పడలేదు. పెద్దగా వెలగదు. ఎవరూ కోరుకోవలసినది కాదు."

అత్తతో చదివించుకుని కెలేరా పరుగున వచ్చింది.

"నా తాబేలు బాలేదని రాశావేం?"

"ఇంక దాన్ని ఎవరూ మెచ్చుకోరుగా."

అరికాలితో ఇసుక గీరుతూ ఆలోచించింది. తర్వాత నా చేతిలో పెన్సిలు పెట్టింది.

"కంపు కొడుతుందని కూడా రాయి అక్కా."

రాశాను.