పులి ముక్క పడిన ఇల్లు

నేను ఒక ట్యాబ్‌ని. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నా వీపు మీద రాసే ఉంది కానీ, దాని మీద ఎవరో కుందేలు స్టిక్కర్ అంటించారు. మొదట మందుల కంపెనీ ప్రతినిధి ఒకాయన చంకలో ఆసుపత్రులన్నీ తిరిగాను. ట్యాబ్లెట్‌లో ట్యాబ్లెట్ల బొమ్మలు చూపించడం నా ఉద్యోగం. డాక్టర్లు నా వైపు తల ఊపుతూ గడియారం చూసేవారు. ఆయన కొత్తది కొనుక్కుని నన్ను పాలకొల్లులో ఉన్న చెల్లెలు నాగవేణికి ఇచ్చేశాడు. అందుకు ఆయనకు దండం పెట్టుకోవాలి.

నాగవేణి కూతురు తన్మయి ఐదో తరగతి. నాలో ‘వనరాజ్యం’ అనే ఆట పెట్టుకుంది. అన్నీ జంతువుల కార్డులు; అవతలివాళ్లు నక్కను దింపితే మనం నక్కను మించినదాన్ని దింపాలి. పక్కన కూర్చుని చూసే అమ్మమ్మ కోటమ్మ మాత్రం వాటిని కార్డులనదు, ముక్కలంటుంది. కాపురమంతా భర్త నోట విన్న మాట కదా. అది పిల్లకూ అంటుకుంది.

ఒక సాయంత్రం తన్మయి వంటింటి వైపు తిరిగి సంబరంగా చెప్పింది.

"అమ్మా, నాకు పులి ముక్క పడింది."

గరిటె చప్పుడు ఆగిపోయింది. నాగవేణి వచ్చి నన్ను లాక్కుని బీరువాలో పెట్టేసింది. ఆమె తండ్రి పేకాటలో మునిగి ఇల్లు పోగొట్టిన మనిషి. చిన్నప్పుడు నాగవేణి అన్నానికి పిలవడానికి వెళ్లి క్లబ్బు మెట్ల మీద ఎంతసేపు నిలబడినా ‘ఈ ఒక్క ఆట’ అనేవాడే తప్ప లేచేవాడు కాదట.

చీరల మధ్య నుంచి నా మీద తీర్పులు విన్నాను. "పేకాటేనమ్మా, పేరు మార్చారంతే," అన్నారు ఎదురింటి మాస్టారు. "బుర్ర పదునెక్కుద్ది, ఆడుకోనీవే," అన్నాడు ఫోన్‌లో మా పాత యజమాని. ఇద్దరిలో ఒక్కరూ ఆ ఆట తెరిచి చూసినవారు కారు. తన్మయి ఏడవలేదు కానీ తల్లితో మాట్లాడటం మానేసింది.

ఆ మౌనం భరించలేకే కాబోలు, ఆదివారం నాగవేణి నన్ను బయటికి తీసి కూతురి పక్కన కూర్చుంది.

"నాకూ నేర్పవే."

ఈ ఆటలో ఏనుగును చీమ ఓడిస్తుందని తెలియక, ఏనుగును తీసుకెళ్లి చీమ ముందు దింపి ఓడిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇంతలో తెర మీద మెరుస్తూ ఒక పెట్టె వచ్చింది.

"ఇదేంటే?"

"డబ్బులు కడితే తెరుచుకుద్దమ్మా. లోపలేముందో ముందు తెలీదు."

"ఇది మాత్రం మీ తాతయ్య ఆటే," అంటూ ఆ కొనుగోళ్లకు తాళం వేసి, పాస్‌వర్డ్ తనే పెట్టుకుంది. మిగతా ఆట సంగతి ఏమీ తేల్చకుండా నన్ను పిల్ల చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లింది.

తన్మయి మళ్లీ ఆడింది. ఇంకొక్క కార్డు దింపితే గెలిచినట్టే. సరిగ్గా అప్పుడు పిలుపు వచ్చింది.

"తన్మయీ, అన్నానికి రా."

పిల్ల నన్ను మంచం మీద బోర్లా పెట్టేసి లేచిపోయింది. ఆట అవతలివాళ్లు గెలిచారు. ఇంత హాయిగా నేనెప్పుడూ ఓడలేదు.

నన్ను తిట్టినవారూ పొగిడినవారూ ఉన్నారు. తెరిచి చూసింది ఆ తల్లి ఒక్కతే. నేను పాతసామాన్ల కొట్టుకు చేరినా ఆమె మేలు మరిచిపోను. బోర్లా పడి ఉన్న నాకు ఆ పూట ఏమీ కనిపించలేదు. వంటింట్లోంచి నాగవేణి కోటమ్మతో అంటున్న మాట మాత్రం వినిపించింది.

"పిలవగానే లేచి వచ్చిందమ్మా."